గోడ అవతలికి వినపడని గిటార్: హెడ్‌ఫోన్ ఎంపిక వెనక ఉన్న లెక్కలు

ఒడిశాలోని రాయగడలో మా వీధి ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇటు గోడకు మేకు కొడితే అటు గోడ మీద దేవుడి పటం కదులుతుంది. అలాంటి ఇళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకునే పిల్లలు ఇప్పుడు తక్కువేమీ లేరు. ఆదివారం ఆరాధనలో వాయించేవాళ్లున్నారు, గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్ గదిలో వాయించేవాళ్లున్నారు, ఆర్కెస్ట్రాలో నాలుగు పెళ్లిళ్లు దొరుకుతాయని నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. పగలు కాలేజీకో డ్యూటీకో పోతుంది, సాధనకు మిగిలేది రాత్రే. పరీక్షల కాలం వస్తే పక్కింట్లో పదో తరగతి పిల్ల చదువుకుంటూ ఉంటుంది. అందుకే అందరి చూపూ హెడ్‌ఫోన్ మీద పడుతుంది.

మొన్న క్రిస్మస్ ప్రాక్టీసు రోజుల్లో గుణుపురం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, గిటార్ పోయినట్టుంది. తీగ మీటాక కాసేపటికి గానీ వినపడట్లేదు. డిస్టార్షన్ వేస్తే రేకు మీద ఇసుక పోసినట్టు గరగరలాడుతోంది" అన్నాడు. అమ్మేసి వేరేది కొనమంటావా అని కూడా అడిగాడు. ఎలా కలిపావురా అంటే వరస చెప్పాడు: గిటార్ నుంచి డిస్టార్షన్ పెడల్ (శబ్దాన్ని బొంగురుగా, చిరిగినట్టు మార్చే కాలి పెట్టె), పెడల్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించే పెట్టె), అక్కడి నుంచి లాప్‌టాప్, లాప్‌టాప్ నుంచి కొత్తగా కొన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్. గిటార్‌లో ఏ లోపమూ లేదు. వాడి రెండు ఫిర్యాదులకూ రెండు వేర్వేరు కారణాలున్నాయి. ఆ రెండూ విడివిడిగా అర్థమైతే హెడ్‌ఫోన్ ఎంపికలో సగం చిక్కు వీడిపోతుంది.

తీగ నుంచి చెవి దాకా శబ్దం నడిచే దారి

ఎక్కువ ఎలక్ట్రిక్ గిటార్లకు మామూలు గిటార్‌లా లోపల డొల్ల ఉండదు, ఒళ్లంతా నిండు చెక్క. తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన చిన్న పెట్టె. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలికకు రాగి చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది. అది ఎంత బలహీనమంటే, హెడ్‌ఫోన్ పిన్ను తెచ్చి నేరుగా గిటార్‌కు గుచ్చితే చెవికి దోమ పాటంత చేరినా గొప్పే. పికప్‌కు ఎదురుగా సుమారు 10 లక్షల ఓమ్‌ల నిరోధం ఉంటే అది సుఖంగా పనిచేస్తుంది. హెడ్‌ఫోన్ నిరోధం చాలావాటిలో 32 ఓమ్‌లే. బావిలో చెంబుతో తోడిన నీళ్లతో మడి తడపబోయినట్టుంటుంది.

మధ్యలో యాంప్, అంటే యాంప్లిఫయర్, నిలబడేది అందుకే. చూడ్డానికి ఒకటే పెట్టె, చేసే పనులు రెండు. ఆ బలహీనమైన కరెంటును పెంచడం ఒకటి. తన స్పీకరుతో ఆ శబ్దానికి ఒక రూపు ఇవ్వడం రెండోది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నామంటే ఈ వరసలో చివరి ముక్కను మారుస్తున్నామన్న మాట. ముందున్న ముక్క ఏమిటో తేలకుండా చివరి ముక్క మంచిదో కాదో తేల్చలేం. "ఏ హెడ్‌ఫోన్ కొనాలి" అన్న ప్రశ్నకు పదిమంది పది జవాబులు చెప్పడానికి కారణం ఇదే. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఒక్కొక్కరి హెడ్‌ఫోన్ ముందు ఒక్కో పెట్టె ఉంది.

ఆ పెట్టె రకరకాలుగా దొరుకుతుంది. హెడ్‌ఫోన్ రంధ్రమున్న చిన్న ప్రాక్టీస్ యాంప్ కావచ్చు. మనవాళ్లు ప్రాసెసర్ అని పిలిచే ఎఫెక్టుల పలక కావచ్చు. లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ కావచ్చు. గిటార్ రంధ్రంలోనే గుచ్చుకునే అగ్గిపెట్టె సైజు పరికరం కావచ్చు. వాక్స్ ఆంప్లగ్, 2021లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్ మైక్రో ఈ చివరి కోవలోవి. ఆలోచన మాత్రం పాతదే. బోస్టన్ అనే అమెరికన్ బృందంలో గిటార్ వాయించే టామ్ షోల్జ్ చదువుకు ఇంజనీరు. నడుముకు తగిలించుకుని హెడ్‌ఫోన్‌లో వినే రాక్‌మన్ అనే యాంప్‌ను ఆయన 1982లోనే తెచ్చాడు.

ఇసుక గరగర ఎక్కణ్నుంచి వస్తోంది

గిటార్ అన్నిటికన్నా లావు తీగను వదులుగా మీటితే సెకనుకు 82 సార్లు ఊగుతుంది, అంటే 82 హెర్ట్జ్. 24 మెట్లున్న గిటార్‌లో సన్న తీగ చివరి మెట్టు దగ్గర పలికేది సుమారు 1,319 హెర్ట్జ్. మూల స్వరాలన్నీ ఈ రెంటి మధ్యే. డిస్టార్షన్ వేశామంటే అల తలలు కోసేసినట్టే. కోసిన అలలో మూల స్వరానికి రెట్టింపు, మూడింతలు, పదింతలు ఉండే పైస్వరాలు పుట్టుకొస్తాయి. అవి చెవికి వినపడే పై అంచు దాకా పోతాయి.

స్టేజీ మీద మనకు ఆ పైవన్నీ ఎందుకు వినపడవంటే, గిటార్ యాంప్‌లో ఉండే పెద్ద కాగితపు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక గట్టిగా పడిపోతుంది. అది స్పీకరే కాదు, జల్లెడ కూడా. హెడ్‌ఫోన్ అలా కాదు, 20,000 దాకా ఉన్నదంతా వినిపిస్తుంది. పిండి జల్లించకుండా రొట్టె చేస్తే పొట్టంతా నాలుక్కి తగులుతుంది కదా, మా వాడు విన్న గరగర అదే. వాడి వరసలో డిస్టార్షన్ ఉంది, జల్లెడ లేదు.

ఆ జల్లెడ పనిని లెక్కల్లో చేసేదాన్ని క్యాబ్ సిమ్యులేషన్ అంటారు. దాంట్లోనే ఒక పద్ధతికి ఐఆర్ అని పేరు. నిజం స్పీకరు ముందు మైకు పెట్టి, ఆ స్పీకరు ఏ స్వరాన్ని ఎంత వదిలిందో ఎంత ఆపిందో కొలిచి దాచుకున్న ముద్ర అది. ప్రాసెసర్లలో, గుచ్చుకునే పరికరాల్లో, హెడ్‌ఫోన్ రంధ్రమున్న చాలా చిన్న యాంపుల్లో ఇదో, ఇలాంటి వడపోతో ముందే ఉంటుంది. ఒట్టి డిస్టార్షన్ పెడల్లో ఉండదు. ఇక్కడ నాకు గట్టిగా చెప్పాలనిపించే మాట ఒకటుంది: ఈ గరగరను ఖరీదైన హెడ్‌ఫోన్ తగ్గించదు. మంచి హెడ్‌ఫోన్‌లో గరగర ఇంకా స్పష్టంగా వినపడుతుంది. ఇది తెలియక రెండోసారి, మూడోసారి డబ్బు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

జల్లెడ పెట్టినా అసంతృప్తిగా ఉండేవాళ్లున్నారు. యాంప్ ఎదురుగా నిలబడితే వచ్చే నిండుదనం హెడ్‌ఫోన్‌లో లేదంటారు. వాళ్ల మాటలో నిజముంది. స్పీకరుకు దగ్గరగా పెట్టిన మైకు విన్నదే మనం వింటున్నాం. గది గోడలకు తగిలి వచ్చే శబ్దం అందులో ఉండదు, ఛాతీకి తగిలే గాలి అసలే ఉండదు. కాస్త గది రివర్బ్, అంటే గోడలకు తగిలి తిరిగొచ్చినట్టుండే మోగుడు, కలిపితే ఆ లోటు కొంత పూడుతుంది, మొత్తం పూడదు.

బ్లూటూత్ ఎంత ఆలస్యం చేస్తుంది

మా వాడి మొదటి ఫిర్యాదుకు ఇప్పుడు వద్దాం. బ్లూటూత్ శబ్దాన్ని నేరుగా పంపదు. కుదించి, ముక్కలు కట్టి, గాలిలో పంపి, అవతల కొంత పోగుచేసుకుని, విప్పి వినిపిస్తుంది. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఈ తతంగానికి 150 నుంచి 250 మిల్లీసెకండ్లు పట్టడం మామూలే. సెకనులో అయిదో వంతు ఆలస్యం పెద్దదేమీ కాదనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే గానీ తెలియదు.

నిమిషానికి 120 దెబ్బలు పడే పాట తీసుకుందాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకండ్లు. ఒక దెబ్బలో నాలుగు స్వరాలు పలికితే ఒక్కోదానికి 125. ఆలస్యం 200 ఉంటే, మొదటి స్వరం చెవికి చేరేలోపు వేలు రెండోది మీటేసి మూడోదాని వైపు పోతూ ఉంటుంది. ఇంకోలా చూద్దాం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 200 మిల్లీసెకండ్లకు 68 మీటర్లు పైచిలుకు. మన రాయగడ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఇంజను పక్కన కూర్చుని గిటార్ వాయిస్తూ, దాని స్పీకరును మూడు బోగీల అవతల పెట్టి వింటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మరి అదే హెడ్‌ఫోన్‌లో సినిమా బాగానే ఉంటుందే అని అడుగుతారు. సినిమా చూపించే యాప్‌కు శబ్దం ఎంత ఆలస్యమవుతుందో తెలుసు, బొమ్మను కూడా అంతే ఆపి చూపిస్తుంది. గిటార్ దగ్గర ఆపాల్సింది మన వేలిని. అది కుదరదు.

వైరులో ఈ ఆలస్యం లేనట్టే. అయితే లాప్‌టాప్ మధ్యలో ఉంటే దాని వాటా దానికుంటుంది. శబ్దాన్ని సెకనుకు 48,000 నమూనాలుగా కోస్తూ, 256 నమూనాలు పోగయ్యాక ఒకసారి లెక్క చేస్తుందనుకుందాం. 256ను 48,000తో భాగిస్తే 5.3 మిల్లీసెకండ్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి అంటే 10.7, ఆపైన ఇంకాస్త. 10 మిల్లీసెకండ్లంటే స్పీకరుకు మూడున్నర మీటర్ల దూరాన నిలబడటమే కాబట్టి చాలామందికి పట్టింపు ఉండదు. 20, 30 దాటే కొద్దీ చేయి బరువెక్కినట్టు అనిపిస్తుంది. నమూనాల గుంపును 128కి తగ్గిస్తే ఆలస్యం సగమవుతుంది, కానీ లాప్‌టాప్ బలహీనమైనదైతే అందుకోలేక చిటపటలాడుతుంది.

వైర్లెస్ అన్నదల్లా పనికిరాదనుకోవడమూ తప్పే. ఆప్టెక్స్ లో లేటెన్సీ అనే పద్ధతి పంపే వైపూ వినే వైపూ రెండింట్లో ఉంటే ఆలస్యం సుమారు 40 మిల్లీసెకండ్లకు దిగుతుంది. మెల్లని పాటకు సర్దుకోవచ్చేమో గానీ వేగానికి చాలదు. బాస్ (Boss) కంపెనీ వాజా-ఎయిర్ లాంటివి గిటార్ కోసమే చేసిన వైర్లెస్ హెడ్‌ఫోన్లు. వాటిలో గిటార్ శబ్దం బ్లూటూత్‌లో రాదు, కంపెనీ సొంత రేడియో లింకులో వస్తుంది, ఆలస్యం కొద్ది మిల్లీసెకండ్లే. ఖరీదు మాత్రం మంచి గిటార్ ఖరీదంత.

ఇంకో మెలిక చాలామందిని ముంచుతోంది. గుచ్చుకునే పరికరాల డబ్బా మీద "బ్లూటూత్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది ఎక్కువగా ఫోన్లోని పాటను ఆ పరికరంలోకి తెచ్చుకోవడానికి, పాటతో పాటు వాయించుకోవడానికి. పరికరం నుంచి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు పంపడానికి కాదు. మస్టాంగ్ మైక్రో కూడా అంతే, హెడ్‌ఫోన్‌ను వైరుతోనే కలపాలి.

మూసిన కప్పులు, తెరిచిన కప్పులు

హెడ్‌ఫోన్ కప్పుల వెనక భాగం గట్టిగా మూసి ఉంటే క్లోజ్డ్ బ్యాక్, జాలీలా ఉంటే ఓపెన్ బ్యాక్. తెరిచినవాటిని ఇష్టపడేవాళ్లు చెప్పేది వినదగ్గదే. శబ్దం తలలో ఇరుక్కున్నట్టుండదు, కాస్త ఎదురుగా, వెడల్పుగా వినిపిస్తుంది, యాంప్ ముందు కూర్చున్న భావన దగ్గరగా వస్తుంది. చెవులకు గాలి తగులుతుంది. మే నెలలో ఫ్యాను కింద కూర్చున్నా చెమట పట్టే ఊళ్లలో అది చిన్న సుఖం కాదు.

కానీ జాలీలోంచి లోపలి శబ్దం బయటికీ, బయటి శబ్దం లోపలికీ పోతాయి. ఒకే గదిలో అమ్మ నిద్రపోతుంటే ఆ "టిస్ టిస్" ఆమెకు వినపడుతుంది. కుక్కరు కూత, సీలింగ్ ఫ్యాను రొద మనకు వినపడతాయి. గిటార్‌కే ప్రత్యేకమైన సంగతి మరొకటుంది: ప్లగ్ చేయకపోయినా తీగల మీద పిక్ తగిలే చప్పుడు కొంత ఉంటుంది కదా. తెరిచిన కప్పుల్లో ఆ చప్పుడూ హెడ్‌ఫోన్ శబ్దమూ కలిసి వినపడతాయి. దాన్ని సహజంగా ఉందనుకునేవాళ్లున్నారు, చికాకు పడేవాళ్లూ ఉన్నారు.

మూసినవి ఇవన్నీ ఆపుతాయి. బదులుగా చెవులు ఉడుకుతాయి, కింది స్వరాలు కప్పులో ఉబ్బినట్టు వినిపించవచ్చు. రెగ్జిన్ మెత్తల కన్నా వెల్వెట్ లాంటి గుడ్డ మెత్తలు చల్లగా ఉంటాయి, అయితే శబ్దాన్ని ఆపడంలో కొంచెం వెనకబడతాయి. గోడలు కలిసిన ఇళ్లకూ హాస్టల్ గదులకూ మూసినవే నప్పుతాయని నేననుకుంటాను. విడిగా గది ఉండి, పక్కన ఎవరూ పడుకోని వాళ్లకు ఈ మాట వర్తించదు.

చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లను తక్కువగా చూడక్కర్లేదు. స్టేజీ మీద గాయకులు వాడేవీ ఆ జాతివే. రబ్బరు మూత చెవికి సరిపోతే బయటి రొదను బాగా ఆపుతాయి, తల వేడెక్కదు. మూత సరిపోకపోతే కింది స్వరాలన్నీ జారిపోతాయి.

ఇక బేస్ సంగతి. మనకు సులువుగా దొరికే హెడ్‌ఫోన్లలో ఎక్కువభాగం పాటలు వినడానికి చేసినవి, కింది స్వరాలను కావాలనే పెంచుతాయి. వాటిలో లావు తీగ దెబ్బ పిడుగులా వినిపిస్తుంది. ఆ వినికిడిని నమ్మి టోను సరిచేసుకుని చర్చి స్పీకర్లలో వాయిస్తే పలచగా, నీరసంగా వస్తుంది. ఉన్నదున్నట్టు వినిపించడానికి దగ్గరగా చేసినవాటిని స్టూడియో లేదా మానిటర్ హెడ్‌ఫోన్లంటారు. 1991 నుంచి వస్తున్న సోనీ ఎండీఆర్-7506, ఆడియో-టెక్నికా ఎం శ్రేణి, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఈ కోవలో పేరున్నవి, మూడూ మూసిన కప్పులవే. వాటిలోనూ ఒక్కోదానికి ఒక్కో మొగ్గు ఉంటుంది, డీటీ 770లో పైస్వరాలు పదునుగా ఉంటాయి. ఇంట్లో వేళ్ల సాధనకే వాడేవాళ్లకు ఈ తేడా అంత ముఖ్యం కాదు. టోన్లు ఇంట్లో కట్టుకుని బయట వాయించేవాళ్లకు ముఖ్యం.

డబ్బా మీది ఓమ్‌లు ఏం చెబుతాయి

డీటీ 770 ప్రో ఒకే పేరుతో 32, 80, 250 ఓమ్‌లలో వచ్చింది. లెక్కకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి 1 వోల్టు వస్తోందనుకుందాం. శక్తి అంటే వోల్టేజీ వర్గాన్ని ఓమ్‌లతో భాగించడమే. 32 ఓమ్‌లకు 31 మిల్లీవాట్లు, 250 ఓమ్‌లకు 4 మిల్లీవాట్లు. 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెల్ (శబ్దం గట్టితనాన్ని కొలిచే లెక్క) పలుకుతుందని తీసుకుంటే మొదటిది 111, రెండోది 102. అదే రంధ్రం, అదే నాబు, 9 డెసిబెల్ తేడా.

బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలు వోల్టేజీ ఎక్కువ ఇవ్వలేవు, వాటికి 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ నీరసంగా పలకవచ్చు. ఎక్కువ ఓమ్‌లుంటే నాణ్యత ఎక్కువనే నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అలాంటివాటిలో ఉండే సన్న తీగ చుట్ట తేలికగా ఉండి చురుగ్గా కదులుతుందని అలా నమ్మేవాళ్ల వాదన. ఇంట్లో గిటార్‌కు ఆ తేడా కన్నా ముందున్న పెట్టెతో జత కుదరడమే పెద్దది. 32 నుంచి 80 మధ్యవి దాదాపు అన్నిచోట్లా పలుకుతాయి.

పిన్ను దగ్గరా, కరెంటు దగ్గరా వచ్చే చిక్కులు

గిటార్ వైరు పిన్ను మీద ఒక నల్ల గీత ఉంటుంది, అది మోనో. హెడ్‌ఫోన్ పిన్ను మీద రెండు, అది స్టీరియో. మోనో రంధ్రంలో హెడ్‌ఫోన్ గుచ్చితే ఒక చెవిలోనే వినపడుతుంది, హెడ్‌ఫోన్ పాడైందనుకుని వెనక్కి పంపేస్తారు. యాంప్ వెనక స్పీకరు కోసం ఇచ్చిన రంధ్రం మాత్రం వేరే జాతి. వాట్ల కొద్దీ శక్తి వచ్చే అక్కడ హెడ్‌ఫోన్ గుచ్చితే అది కాలిపోతుంది, చెవి కూడా దెబ్బతినవచ్చు. గాజు వాల్వులతో నడిచే పాతరకం యాంపులైతే స్పీకరు తీసేసి నడిపితే లోపలి ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు.

గుయ్యిమనే మోత సంగతి మన ప్రాంతంలో విడిగా చెప్పుకోవాలి. ఒంటి చుట్ట పికప్ ఇంట్లోని కరెంటు మోతను, 50 హెర్ట్జ్‌ను, దాని రెట్టింపులను పట్టుకుంటుంది. కాలబైశాఖి గాలివానకు కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుందంటే, అది స్క్వేర్ వేవ్ రకమైతే, మోత ఇంకా ముదురుతుంది. నున్నని అలకు బదులు అంచులున్న అల రావడంతో పైస్వరాలు పెరుగుతాయి. స్పీకరులో పట్టించుకోని ఈ మోత హెడ్‌ఫోన్‌లో చెవి పక్కనే కూర్చుంటుంది. గిటార్ పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగితే ఒక దిక్కున మోత తగ్గుతుంది, అలా తగ్గితే దాన్ని పట్టేది పికప్పే. ఈ మోతను చంపడానికే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి హంబకర్ పికప్ చేశాడు. కొత్త హెడ్‌ఫోన్ దీన్నీ తీర్చదు.

చెవికి ఎంత, ఎన్ని గంటలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్ వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్ అంతే సమయం. ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకూ గంటలు సగమవుతాయి. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5, 92కి రెండున్నర. రోజూ రాత్రి గంటన్నర సాధన చేస్తే వారానికి పదిన్నర గంటలు, అంటే 86 దగ్గరే హద్దు పడుతుంది. పగలు బస్సులో విన్న పాటలూ ఈ ఖాతాలోనే చేరతాయి.

గిటార్ వాయించేవాళ్లు ఈ హద్దు తెలియకుండానే దాటుతారు. డిస్టార్షన్ శబ్దాన్ని ఒకే ఎత్తున నొక్కిపెడుతుంది, ఉలిక్కిపడే దెబ్బలు ఉండవు కాబట్టి పెద్దగా ఉందనిపించదు. ఛాతీకి తగిలే గాలి కోసం మనసు వెతుకుతుంది, అది హెడ్‌ఫోన్‌లో లేదు, చేయి నాబు మీదికి పోతుంది. తెరిచిన కప్పులైతే ఫ్యాను రొదను మించడానికి ఇంకాస్త పెంచుతాం. బయటి రొదను ఆపే హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించుకోవడానికీ వీలిస్తుంది. నా దృష్టిలో మూసినవాటి అసలు గొప్పతనం పక్కింటివాళ్ల నిద్ర కన్నా ఇదే.

మా మేనల్లుడు చివరికి కొన్నది ఒక వైరు. వాడి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కే కింద చిన్న పిన్ను రంధ్రం ఉంది. వైరు గుచ్చి, హెడ్‌ఫోన్ పవర్ ఆపేసి, అవతలి కొసను ఇంటర్‌ఫేస్ మీద హెడ్‌ఫోన్ గుర్తున్న రంధ్రంలో పెట్టాడు. పవర్ వేసి ఉంచితే కొన్ని హెడ్‌ఫోన్లు వైరు శబ్దాన్ని కూడా లోపల లెక్కల్లోకి మళ్లించి కొంత ఆలస్యం చేస్తాయి. లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే క్యాబ్ సిమ్యులేషన్ వేసుకున్నాడు, నమూనాలు 128కి దించాడు. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. గరగర పోయిందట. వేలు కదలగానే వినపడుతోందట. రెండో చరణం దగ్గర తన తాళం ఎక్కడ జారుతోందో కూడా ఇప్పుడు తెలుస్తోందని, ఆదివారం లోపు అది సరిచేసుకోవాలని చెప్పాడు.